దండ లేని ఫోటో

దుబాయ్ వెళ్లొచ్చానని తెలిసి తెనాలిలో మా వీధివాళ్లు అడిగినవి రెండే. బంగారం ఎంత తెచ్చారు, ఆ ఆకాశమంత భవనం ఎక్కారా అని. రెండూ లేవన్నాను. ఎందుకు వెళ్లానని ఎవరూ అడగలేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

డేరా అనే దుబాయ్ పాతబస్తీ హోటళ్లలో స్టేజీ మీద డాన్సు చేసి బతికే మన తెలుగు ఆడవాళ్ల ఫోటోలు తీయడానికి వెళ్లాను. పరాయి దేశాల్లో పనిచేసే స్త్రీల మీద మా మిత్రులు ఒక ఫోటోల పుస్తకం వేస్తున్నారు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, నర్సులు, బ్యూటీ పార్లర్ల వాళ్లు అందరూ అందులో ఉన్నారు. వీళ్లు మాత్రం లేరు. ఎందుకు లేరని సంపాదకులతో పోట్లాడాను. పోట్లాడినవాళ్లకే పని అప్పగించడం మావాళ్లకు అలవాటు.

అది 2023 జనవరి. అక్కడ ఎండ మనిషిని మనిషిగా చూసే నెలలు కొన్నే ఉంటాయి. అది వాటిలో ఒకటి.

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ

మొదటి మజిలీ అబుదాబీ పక్కన, నా పాత విద్యార్థిని ఇంట్లో. గుత్తి వంకాయ కూర చేసి పెట్టింది. వంకాయలు ఒమాన్‌వి, కరివేపాకు ఇండియాది. మన దగ్గర కూరగాయలు కొంటే ఉత్తినే సంచిలో పడేసే కరివేపాకుకు అక్కడ ప్లాస్టిక్ కవరూ ధర చీటీ కూడా ఉన్నాయి. రెమ్మ చివరి ఆకు దాకా వదలకుండా తిన్నాను.

నేను వచ్చానని రాత్రి భోజనానికి మరో రెండు కుటుంబాలను పిలిచింది. నా పని ఏమిటో చెప్పగానే చేతులు కంచాల్లో ఆగిపోయాయి. అలాంటి చోట్లకు మనవాళ్లెవరూ వెళ్లరని ఒకాయన గట్టిగా చెప్పాడు. వెళ్లరని చెబుతూనే, తెలుగు పాటలు ఏ హోటల్లో వేస్తారో, ఏ వారం వేస్తారో, లిఫ్టు దిగాక కుడివైపు తిరగాలో ఎడమవైపు తిరగాలో కూడా చెప్పాడు. ఆయన భార్య గ్లాసులో నీళ్లకేసి చూస్తూ కూర్చుంది.

మన పరువు పోయే ఫోటోలు ఎందుకు, మా అసోసియేషన్ బతుకమ్మ ఫోటోలు వేసుకోమని ఇంకొకామె మర్యాదగానే సలహా ఇచ్చింది. ఆడవాళ్లు గుండ్రంగా తిరిగి ఆడితే సంస్కృతి, వరుసగా నిలబడి ఆడితే పరువు తక్కువ. తేడా ఎక్కడుందని అడిగాను. డబ్బు తీసుకోవడంలో ఉందని ఆమె భర్త నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఈ దేశానికి వచ్చి డబ్బు తీసుకోకుండా పనిచేస్తున్న తెలుగువాడిని ఒక్కణ్ణి చూపించమన్నాను. పెరుగు వడ్డించారు.

ఫ్రాన్సు నుంచి నైఫ్ దాకా

దుబాయ్‌లో నా బస ఇంటర్నేషనల్ సిటీలో ఒక నర్సమ్మ ఫ్లాటు. అక్కడ భవనాల గుంపులకు దేశాల పేర్లు పెట్టారు. నేను దిగింది ఫ్రాన్సులో. కింద మలబారు వాళ్ల టీ హోటల్, పక్కన పాకిస్తానీ క్షౌరశాల, మెట్ల మీద మన జగిత్యాల యాస. ఫ్రాన్సు వాడు ఒక్కడూ కనబడలేదు.

ఆ జగిత్యాల యాస గంగారాంది. లాండ్రీ కంపెనీ వ్యాను నడుపుతాడు. డేరా హోటళ్ల తువ్వాళ్లు, దుప్పట్లు, డాన్సర్ల బట్టలు అతని వ్యానులోనే తిరుగుతాయి. నన్ను సత్యవేణి అనే డాన్సరు దగ్గరికి తీసుకెళ్తానని ఒప్పుకున్నది అతనే. (పేర్లన్నీ మార్చాను.)

నైఫ్‌ అనే డేరా బజారులో దిగగానే నాకు కాలు నిలవలేదు. అత్తరు, వేయించిన ఉల్లిపాయ, కొత్త సూట్‌కేసుల వాసన కలగలిసిన సందులు. బాల్కనీల వరుస బాగుందని కెమెరా ఎత్తి రెండు నొక్కాను. ఒక దుకాణదారు అరుస్తూ వచ్చాడు. ఆ ఫోటోలో అతని భార్య పడిందట. నేను నా హక్కుల గురించి ఇంగ్లీషులో మొదలుపెట్టేసరికి గంగారాం మధ్యలోకి వచ్చాడు.

"అక్కా, ఈడ అడగకుండ ఫోటో తీసుడు నేరం. మనూరి పెండ్లనుకున్నవా? డిలీట్ చేసి ఆయనకు చూపియ్. ఖలాస్."

చూపించాను. దుకాణదారు శాంతించి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. యాలకులు వేసి చిక్కగా మరిగించిన కరక్ చాయ్. బయట దిర్హమూ రెండు దిర్హములూ ఉంటుంది. ఒకరి ముఖం తీసుకోవాలంటే ముందు వాళ్లను అడగాలన్న చట్టం నాకు నచ్చింది. మన పత్రికలకు ఇలాంటిది ఎప్పుడు వస్తుందో అనుకున్నాను.

దారిలో గంగారాంను ఆ ఆడవాళ్ల గురించి అడిగాను. ఏదో చెడ్డమాట వస్తుందని ఎదురుచూశాను కాబోలు. అతను స్టీరింగ్ మీద వేళ్లు ఆడిస్తూ చెప్పాడు. "మేం సైట్ల ఎండల పనిజేసినం, ఆళ్లు ఏసీల పనిజేస్తరు. గంతే తేడా. కాళ్లు మాత్రం ఆళ్లయే ఎక్కువ నొస్తయి."

నాలుగో అంతస్తు గది

నాలుగు మంచాలు, ఒక కిటికీ, బయట కారిడార్లో పొయ్యి. మధ్యాహ్నం దాటింది. సత్యవేణి అప్పుడే లేచి జుట్టు ముడేసుకుంటోంది. వయసు నలభైకి దగ్గర. రాజోలు వైపు మనిషి. తీర్థాల్లో, జాతరల్లో రికార్డింగ్ డాన్సు ట్రూపుతో తిరిగేది. కరోనాలో తీర్థాలు ఆగాయి, ట్రూపు చెదిరిపోయింది, ఆర్టిస్టు వీసా మీద ఇక్కడికి వచ్చింది. స్టేజీ మీద పేరు స్వీటీ. ఆమెతో ఉండే దుర్గ ఇళ్లలో వంట పని చేస్తుంది. ఆ రోజు ఆమెకు సెలవు.

నన్ను మంచం మీద కూర్చోబెట్టి సత్యవేణి నా మెడ వైపు చూసింది. ముఖం చిన్నబోయింది.

"అయ్యో. ఎన్నాళ్లయిందండీ?"

ఇక్కడికి వచ్చి ఎన్నాళ్లయిందని అడుగుతోందనుకుని, వారం కూడా కాలేదన్నాను.

ఆమె దుర్గను చూసింది. దుర్గ ఆమెను చూసింది. "వారం కూడా తిరక్కుండానే ఇమానం ఎక్కేసేరా?" అంది సత్యవేణి నెమ్మదిగా. "పిల్లలేవన్లేదాండీ?"

నా బోసిమెడ చూసి నా భర్త పోయాడనుకుంటున్నారని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆయన ఇంట్లో నిక్షేపంగా ఉన్నాడని, బహుశా ఈ పాటికి పప్పు మాడబెట్టి ఉంటాడని చెప్పాను. మాది స్టేజీ పెళ్లి. పంతులు లేడు, తాళి లేదు, ముహూర్తం లేదు. సభలో నలుగురు మాట్లాడారు, మేం దండలు మార్చుకున్నాం, అంతే. ఆ తర్వాత నా మెడలో ఏదీ పడలేదు.

దుర్గ నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుంది. సత్యవేణి మాత్రం తీవ్రంగా ఆలోచించింది.

"ఒక్క దండకే ఇన్నేళ్లు కాపరం చేసేసేరాండీ! నాకు రోజూ బోల్డన్ని పడతాయి. ఒక్కడి మొకం గుర్తుండదు."

అప్పుడు తెలిసింది దండల సంగతి. ఆ హోటళ్లలో డాన్సర్ల మీద నోట్లు విసరకూడదు, వాళ్లను తాకకూడదు. పాట నచ్చినవాడు వెయిటర్ దగ్గర ప్లాస్టిక్ పూల దండ కొంటాడు. యాభై దిర్హములది ఒకటి, ఇంకా పైది ఒకటి. వెయిటర్ వచ్చి ఆమె మెడలో వేస్తాడు. పాట అయ్యాక ఆమె దాన్ని తన పేరున్న కొక్కేనికి తగిలిస్తుంది. చివర్లో లెక్క చూసుకుని, దండలన్నీ తిరిగి బుట్టలోకి. ఒకే దండ ఒక పూటలో ఎన్నో మెడలు తిరుగుతుంది. ఎలా ఉన్నావని వాళ్లు ఒకరినొకరు అడగరు. దండలు పడుతున్నాయా అని అడుగుతారు.

నా పెళ్లిలో నేను గొప్పగా చాటుకున్న ఏకైక తంతు ఇక్కడ బిల్లు మీద అమ్ముడవుతోంది. కోపం రావాలి. వచ్చింది కూడా. అయితే ఎవరి మీద రావాలో తేలేలోపు దుర్గ అన్నం పెట్టేసింది. అక్కడి సముద్రంలో దొరికే షేరీ చేపతో పులుసు. చింతపండు బాగా పులుపెక్కి, మెంతిపొడి కమ్మగా తగిలింది. షేరీ మంచిదేగానీ పండుగప్ప కాదని ఇద్దరూ తీర్పు చెప్పారు. ముళ్లు తీసుకుంటూ నేనూ తలాడించాను.

తిన్నాక సత్యవేణి స్నానాలగది తలుపు తీసి చూపించింది. బాత్ టబ్ నిండా దండలు. ఎరుపు, పసుపు, తళుకులవి, సబ్బు నురగలో మునిగి ఉన్నాయి. ఊరందరి చెమటా వాటికి పట్టి మెడ మీద దద్దుర్లు లేస్తున్నాయని, వారానికోసారి సంచిలో తెచ్చుకుని తనే ఉతుకుతుందట. బాల్కనీలో ఆరేస్తే జరిమానా. అందుకని గదిలోనే మంచాల మీదుగా తాడు కట్టింది. తాడు నిండింది. చోటు చాలని తడి దండలను తన మెడలోనే వేసుకుని, నోట్లో బట్టల క్లిప్పు పట్టుకుని, దుర్గ అన్న ఏదో మాటకు నవ్వింది. నైటీ మీద ఎర్ర నీళ్లు కారుతున్నాయి.

ఈసారి అడిగాను. క్లిప్పు నోట్లో ఉండగానే తలాడించింది. తీశాను. నా జీవితంలో అంత మంచి ఫోటో ఇంకోటి తీయలేదు.

ముఖం కనబడకుండా వేస్తామని నేను హామీ ఇచ్చాను. అదే మర్యాద అనుకున్నాను. ఆమె మొహం ముడుచుకుంది.

"మొకం కప్పితే తప్పు చేసినట్టే కదండీ. పేపర్లో పోలీసోళ్లు నిలబెట్టినోళ్లే చున్నీ కప్పుకుంటారు. నేనేం చేసేనని?"

ఆ మాట అని దండల కొసలు పిండింది. ముఖం కనిపిస్తే హారిక కూడా చూస్తుంది కదా అంది, తనలో తను.

హారిక ఆమె కూతురు. రాజమండ్రిలో నర్సింగ్ చదువుతోంది. సెలూన్‌లో పనిచేస్తున్నానని సత్యవేణి వచ్చిన దగ్గర్నుంచీ చెబుతోంది. ఏ సెలూన్, పేరేంటి, ఫోటో పంపు అని కూతురు అడిగినప్పుడల్లా మాట మార్చేది. దసరాకు ముందు ఆ పిల్ల, నువ్వేం పని చేస్తున్నావో నీ నోటితో నువ్వు చెప్పేదాకా నాకు ఫోన్ చెయ్యకు అంది. అప్పటినుంచి ఎత్తడం లేదు. హాస్టల్ వార్డెన్‌కు చేసి పిల్ల తింటోందా లేదా అని కనుక్కుంటోంది తల్లి. చెబితే పిల్ల శాశ్వతంగా దూరమవుతుందని భయం. చెప్పకపోతే ఇప్పటికే దూరమైంది.

నిజం చెప్పెయ్యండి అన్నాను. శ్రమలో సిగ్గు లేదని, సిగ్గుపడాల్సింది ఎవరో వివరించాను. కాస్త ఎక్కువసేపే వివరించాను.

"మీకేవండీ," అంది సత్యవేణి, కోపం లేకుండానే. "చెప్పించేసి ఇమానం ఎక్కేస్తారు. ఆనక అది ఫోను ఎత్తకపోతే నేనెవరికి చేసుకోను?"

మిగిలిన దండలు పిండడానికి లేచాను.

తలుపులు తెరవకముందు

హోటల్లో ఫోటోలకు ఒప్పుకోరు. అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు, అతిథులెవరూ రాకముందు కాసేపు తీసుకోమన్నాడు. మర్నాడు నేను వెళ్లేసరికి సాయంత్రం వెలుగు ఇంకా వీధిలో ఉంది. లోపల మాత్రం కిటికీ అనేదే లేదు. ఖాళీ సోఫాలు, గోడకు కొక్కేలు, కొక్కేల పైన పేర్లు. స్వీటీ, పింకీ, రీమా. కింద దండల బుట్ట. నిన్న ఉతికినవి సబ్బు వాసన వేస్తున్నాయి.

సత్యవేణి స్టేజీ ఎక్కేముందు వంగి దాన్ని తాకి కళ్లకద్దుకుంది. నాలోని హేతువాదికి దురద మొదలైంది. ఈ దేశంలో, ఈ ప్లైవుడ్ చెక్కకు దణ్ణమా? అడిగేశాను. రాజోలు దగ్గర ట్రాక్టరు ట్రాలీ మీద ఆడినప్పుడూ ఇలాగే చేసేదట. చెక్క గట్టిగా ఉందో లేదో వంగి తాకితేనే తెలుస్తుందని, ఒకసారి మేకు గుచ్చుకుందని చెప్పింది. భక్తా, జాగ్రత్తా అని అడిగితే "రెండూనండీ" అంది.

మా సభల్లో భోగం మేళాలు ఆపాలని తీర్మానాలు చేశారు, తర్వాత రికార్డింగ్ డాన్సులు ఆపాలని చేశారు. ఆ తీర్మానాల్లో స్త్రీ గౌరవం అన్న మాట ప్రతి వాక్యంలో ఉండేది. రేపటినుంచి ఆమె ఏం తింటుందన్న వాక్యం ఒక్కటీ ఉండేది కాదు. చూసేవాడి మీద ఎప్పుడూ తీర్మానం రాలేదు. ఆడేదాని మీదే వచ్చింది. ఒక స్టేజీ పీకేస్తే ఆమె ఇంకో స్టేజీకి వెళ్లింది. అది సముద్రం దాటాల్సినంత దూరంలో ఉంది. ఈ సోఫాల్లో కూర్చునేవాళ్లు ఇంటికెళ్లి సంస్కృతి గురించి మాట్లాడుకుంటారు. అబుదాబీలో వాళ్లతోనే నేను పెరుగన్నం తిన్నాను.

ఇవన్నీ అక్కడ నిలబడి మనసులో దంచుకుంటుంటే, సత్యవేణి స్టేజీ అంచున కాళ్లు వేలాడేసి కూర్చుంది. నిన్నటి ఫోటో తన ఫోనుకు పంపమంది. ఏ ఫోటో అని అడిగాను.

"దండలదండీ. అదే నిజం కదా."

పంపాను. ఆమె దాన్ని కూతురికి పంపింది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడింది. నేను పక్కకు పోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"హారికా, ఇదమ్మా నా పని. సెలూన్ కాదు. డాన్సు. ఆళ్లు దండలేస్తారు, నేను ఆడతాను. ఇంకేం లేదు. నిన్ను కడుపులో పెట్టుకుని కూడా ఇదే పని చేసేను. ఇంక అబద్ధాలాడను. నువ్వు తిట్టాలనుకుంటే ఫోన్ చేసి తిట్టు."

రెండు టిక్కులు పడ్డాయి. నీలం కాలేదు. ముదీర్ చప్పట్లు కొట్టి "యల్లా, యల్లా" అన్నాడు. నేను బయటికి రావాల్సిన వేళైంది. తలుపు దగ్గర వెనక్కి చూస్తే, ఆమె ఫోను బ్యాగులో పెట్టి, మళ్లీ తీసి చూసి, మళ్లీ పెట్టింది.

క్రీకు ఒడ్డున

మర్నాడు మధ్యాహ్నం దుర్గ వంటపని ముగించుకొచ్చాక, అబ్రా ఎక్కించాలని ఆమే సత్యవేణీ నన్ను క్రీకుకు తీసుకెళ్లారు. ఊరిని చీల్చుకుంటూ లోపలికొచ్చిన సముద్రపు పాయ అది. చెక్క పడవ, తలకు ఒక దిర్హము. మన గోదావరి మీద పంటు గుర్తొచ్చింది, కాకపోతే ఇక్కడ మోటారు సైకిళ్లు, మేకలు ఎక్కవు. మా పక్కన ఒక ముసలి పఠాను పరుపు మోసుకొచ్చి కూర్చున్నాడు. సీగల్స్ అతని పరుపు మీదే వాలాయి. ఇంకెప్పుడైనా అయితే దుర్గ పెద్దగా నవ్వేది. ఆ రోజు సత్యవేణి ముఖం చూసి ఊరుకుంది.

సత్యవేణి నిద్రపోలేదు. పొద్దున టిక్కులు నీలమయ్యాయి. జవాబు లేదు.

అవతలి ఒడ్డున చాయ్ తాగుతుంటే ఫోను మోగింది. కాల్ కాదు, వాయిస్ మెసేజ్. ఆమె గబుక్కున లేవబోతే చాయ్ చీర మీద ఒలికింది. ఫోను నా చేతిలో పెట్టింది.

"ముందు మీరు వినండి. చెడ్డదైతే చెప్పకండి."

చెవికి ఆనించుకున్నాను. ఆడపిల్ల గొంతు, చిరాగ్గా, ఆసుపత్రి చప్పుళ్ల మధ్య. సగం విన్నాను. తర్వాత మొదటినుంచి స్పీకర్లో పెట్టాను.

"అమ్మా, నీకేవన్నా బుద్ధుందా? మెళ్లో ఆ దండలేంటే? దండేసిన ఫోటో ఎవరిది పెడతారో తెలీదా నీకు? పొద్దున్నే డ్యూటీకెళ్తా ఫోను తీసేను. ఆ దండలు చూసి గుండాగినంత పనైంది. వార్డులో కళ్లనీళ్లు పెట్టుకుంటే సిస్టరు తిట్టింది. ముందది డిలీట్ చెయ్యి. దండలు తీసేసి ఇంకోటి పంపు."

ఎవరో ట్రాలీ తోసుకెళ్తున్న చప్పుడు. తర్వాత అంది.

"డాన్సని నాకెప్పుడో తెల్సులే. ఇప్పుడు చెప్పొచ్చేవ్, పెద్ద."

దుర్గ సత్యవేణి భుజం పట్టుకుంది. సత్యవేణి ఏడ్చిందో నవ్విందో నేను చెప్పలేను, కొంగు మొత్తం ముఖం మీదే ఉంది.

ఫోటోకు దండ వేస్తే ప్రాణానికి కీడన్నది వట్టి మాట. మా నాన్న ఫోటోకు మేం ఇప్పటికీ దండ వేయలేదు. పోయినవాళ్లకు వేయడమే దండగన్నాడాయన. శకునాల మీద నేను రాసినవి ఒక పుస్తకానికి సరిపోతాయి. అందులో ఏ వాదనైనా అప్పుడు నాకు నాలుక చివరే ఉంది. దాన్ని అక్కడే ఉంచి కెమెరా తీశాను.

సత్యవేణి ముఖం కడుక్కొచ్చి రెయిలింగుకు ఆనుకుని నిలబడింది. మెడలో సన్నటి గొలుసు ఉంది. దాన్ని తడుముకుంది.

"ఇదీ తీసేద్దునా అండీ?"

"అది దండ కాదుగా."

"దూరం నుంచి దండలాగే అవుపిస్తే?" అంటూ తీసి దుర్గ చేతిలో పెట్టింది. మళ్లీ అనుమానం వచ్చింది. "బోసిమెడ కూడా మంచిది కాదంటారు కదండీ."

"ఎవరంటారు?"

"మా అమ్మ."

"హారిక అందా?"

"అన్లేదండి."

"మరింకేం."

నా మెడ కేసి ఒకసారి చూసి నవ్వింది. ఆ నవ్వులోనే తీశాను. గాలికి జుట్టు కళ్లలో పడింది, వెనక పడవ సగం తెగిపోయింది, చీర మీద చాయ్ మరక స్పష్టంగా కనిపిస్తోంది. సత్యవేణి దాన్ని కూతురికి పంపింది. ఇవతలి ఒడ్డుకు తిరిగి చేరకముందే హారిక ఫోన్ చేసింది. వాళ్లు మాట్లాడుకున్నంతసేపు నేనూ దుర్గా పఠాను పరుపు గురించి మాట్లాడుకున్నాం, పఠాను ఎప్పుడో దిగిపోయినా.

పుస్తకం ఇప్పుడు అచ్చులో ఉంది. సత్యవేణి ముఖంతోనే, ఆమె ఒప్పుకున్నాకే, ఆ రెయిలింగు ఫోటో వేస్తున్నాం. తడి దండల ఫోటో గురించి సంపాదకులకు చెప్పాను, చూపించలేదు. చెప్పిన తీరుకే వాళ్లకు నోరూరింది. అదే గొప్ప ఫోటో అయ్యుంటుంది, ఇవ్వమన్నారు. గొప్ప ఫోటోనే. కానీ నా దగ్గర లేదు, క్రీకు ఒడ్డునే తీసేశాను. నువ్వు కూడా శకునాలు నమ్మడం మొదలుపెట్టావా అని ఒక పాత మిత్రుడు సభలో అందరి ముందూ ఎగతాళి చేశాడు.

లేదన్నాను. ఆ పిల్ల తీసెయ్యమంది, తీసేశాను.